నర్సులు దొరకడం లేదా, నిలవడం లేదా?

నర్సుల కొరత అనగానే ప్రభుత్వాలు చేసే మొదటి ప్రకటన కాలేజీ సీట్ల పెంపు. కొరత నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద నర్సులు 2.98 కోట్ల మంది. ఇంకా 58 లక్షల మంది కావాలి. అయితే ఉన్నవాళ్లలో 78 శాతం మంది పనిచేసేది ప్రపంచ జనాభాలో సగం కూడా లేని దేశాల్లో. ప్రతి ఏడుగురిలో ఒకరు పరాయి దేశంలో పుట్టినవాళ్లే. పేద దేశం చదివించి పెడితే ధనిక దేశం పట్టుకుపోతోందన్నమాట. ఈ వలసలకు 2010లోనే ఒక నియమావళి వచ్చింది కానీ, పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. లేనప్పుడు ఎవరు పాటిస్తారు?

వెళ్లేవాళ్లను తప్పుపట్టలేం. జీతం ఒక్కటే కారణమూ కాదు. నైట్ డ్యూటీలో ఒక్క నర్సు ఎంతమంది రోగులను చూడాలన్నది అసలు సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి అదనమైతే సర్జరీ రోగులు 30 రోజుల్లోపు చనిపోయే ముప్పు 7 శాతం ఎక్కువగా కనిపించింది. నర్సులు అలసి విసిగిపోవడమూ ఆ భారం ఎక్కువున్నచోటే ఎక్కువ. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సుకు ఇంతమందే రోగులని చట్టంతో హద్దు గీసింది. ఖర్చవుతుందని ఆసుపత్రులు గోల పెట్టాయి. అవుతుంది మరి! ఇలాంటి హద్దు లేనిచోట సీట్లు ఎన్ని పెంచినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ల కథ వేరు. చాలాచోట్ల వాళ్లను కాన్పుల వార్డులో వేసిన నర్సులుగానే చూస్తారు, రేపు ఇంకో వార్డుకు మార్చేస్తారు. 2021 నాటి అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌లు తక్కువ. వాళ్ల సేవలు అందరికీ అందితే 2035 నాటికి ఏటా 43 లక్షల ప్రాణాలు నిలపొచ్చని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. కాకపోతే ఆ లెక్క పూర్తి శిక్షణ, సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మిడ్‌వైఫ్‌ల గురించి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. ఏ మందు ఎంత ఇవ్వాలో పక్కనే ఉన్న మిడ్‌వైఫ్‌కు తెలుసు. ఇవ్వాలంటే మాత్రం కొన్నిచోట్ల డాక్టర్ ఫోన్ ఎత్తాలి.