వారమంతా త్యాగయ్యేనా? కార్డు రాయని శ్రోతని కూడా అడగండి

పుష్య మాసం దగ్గరపడితే చాలు, మా పేపరు ఆఫీసుకి ఒకే విషయం మీద రెండు రకాల ఉత్తరాలు వస్తాయి. బహుళ పంచమి నాడు, అంటే త్యాగయ్య ఆరాధన రోజున, తిరువయ్యారు నుంచి ఆయన పంచరత్న కృతులు ఐదూ రిలే చేసి ఊరుకుంటే ఎలా, వారం పాటు పొద్దున్నించి రాత్రి దాకా రేడియోలో త్యాగయ్యనే వినిపించాలి అని కొందరు అంటారు. ఆ ఒక్క రోజు చాలు, మా వార్తలూ మా పాత సినిమా పాటలూ మా పొలం కబుర్లూ మాకు కావాలి అని ఇంకొందరు. ఒడిశాలో మన తెలుగువాళ్ళుండే ఊళ్ళలో బరంపురం నుంచి రెండు రకాలూ వస్తాయి. పర్లాకిమిడి నుంచి మొదటి రకం ఎక్కువ. రాయగడ, గుణుపురం వైపు నుంచి అయితే అసలు తెలుగు స్టేషన్ సరిగ్గా అందడమే లేదన్న బాధ ఎక్కువ.

మేము మొదటి పక్షం. ఒక వాగ్గేయకారుణ్ణి వదలకుండా వారం రోజులు వింటే, ఆయన ఒకే రాముణ్ణి ఎన్ని రకాలుగా అడిగాడో, ఎక్కడ అలిగాడో, ఎక్కడ బతిమాలాడో చెవికి తెలుస్తుంది. అక్కడొకటి ఇక్కడొకటి వింటే అది తెలియదు. కానీ ఆ వారం ఎలా ఉందో విన్నవాళ్ళని సరిగ్గా అడక్కుండా ఏటేటా పెట్టుకుంటూ పోతే రెండో ఏడుకే జనం చెయ్యి నాబ్ మీదకి వెళ్ళిపోతుంది.

వచ్చిన ఉత్తరాలు లెక్కపెడితే శ్రోతల అభిప్రాయం తెలిసిపోయినట్టే అనుకుంటారు చాలామంది. ఉత్తరం రాసేదెవరు? బాగా నచ్చినవాళ్ళు, బాగా కోపమొచ్చినవాళ్ళు. మధ్యలో రేడియో కట్టేసి పనిలో పడ్డావిడ ఎప్పుడూ కార్డు రాయదు, ఫోనూ చెయ్యదు. ఆవిడ ఎందుకు కట్టేసిందో తెలిస్తేనే వచ్చే ఏడాది కార్యక్రమం బాగుపడుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. బరంపురంలో పట్టు నేసే ఒక ఇంటికి మా విలేకరి ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళారు. గోడకి కొట్టిన మేకుకి చిన్న రేడియో వేలాడుతోంది, దాని కింద ఒకావిడ కండెలు చుడుతున్నారు. త్యాగరాజ కీర్తనలు వస్తాయి కదమ్మా, నచ్చుతాయా అని అడిగితే, చాలా బాగుంటాయి బాబూ అన్నారు. అంతే, కాగితం మీద ఒక టిక్ పడిపోయింది. మా విలేకరి లేవకుండా ఇంకో అరగంట అక్కడే కూర్చున్నారు కాబట్టి అసలు సంగతి బయటికొచ్చింది. పొద్దున పూట అయితే వింటాను, మధ్యాహ్నం రాగం సాగదీస్తుంటే కళ్ళు మూతలు పడతాయి, పోగు తెగుతుంది, అందుకని కట్టేస్తాను అన్నారావిడ. ఆ ‘ఎందరో మహానుభావులు’లో ముందు స్వరాలు పాడి తర్వాత మాటలు పాడతారు కదా, ఆ మాటలకి అర్థం చెప్పేవాళ్ళుంటే మా ఆయన్ని కూడా మగ్గం ఆపమంటాను అని కూడా అన్నారు. ఇదీ అభిప్రాయం. మొదట పడిన ఆ టిక్కులో ఇదేమీ లేదు.

మన ఊళ్ళలో ఎవరైనా ఇంటికొచ్చి త్యాగయ్య నచ్చాడా అని అడిగితే నచ్చలేదని ఎవరంటారు? ప్రసాదం వద్దన్నట్టు ఉంటుంది. కాబట్టి ఆ ప్రశ్నే తీసెయ్యాలి. ఏ టైముకి పెట్టారు, ఏ టైముకి కట్టేశారు, ఎవరు పాడుతుంటే కట్టేశారు, పాటకి ముందు రెండు మాటలు చెప్తే వింటారా, ఇంట్లో రేడియో ఎవరి చేతిలో ఉంటుంది. ఇవి అడగాలి. ఈ చివరిది ముఖ్యం, ఎందుకంటే సర్వేకి జవాబు చెప్పేది ఇంటాయన, రోజంతా వినేది ఇంటావిడ.

బ్రిటన్‌లో శాస్త్రీయ సంగీతం వినిపించే బీబీసీ రేడియో 3, ఒకే స్వరకర్తని రోజుల తరబడి వినిపించే పని చాలా పెద్ద ఎత్తున చేసింది. 2005 జూన్‌లో బీథోవెన్‌కి దాదాపు వారం, అదే ఏడాది క్రిస్మస్ ముందు బాఖ్‌కి పది రోజులు, 2011 జనవరిలో మొదటి 12 రోజులు మోజార్ట్ రాసిన ప్రతి స్వరమూ, 2012 మార్చిలో షూబర్ట్. అక్కడా సంబరపడినవాళ్ళున్నారు, ఇన్ని రోజులు ఒక్కరేనా అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. బీథోవెన్ సింఫనీలని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడితే 10 లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయ్యాయి. అంతమంది ఆ సంగీతం గుమ్మం దాకా వచ్చారంటే సంతోషమే. అయితే దించుకున్నవాళ్ళెందరో ఆ అంకె చెప్తుంది గానీ, చివరిదాకా కూర్చుని విన్నదెందరో చెప్పదు.

ఇంకో సంగతి. త్యాగయ్యతో విసుగొస్తోందని రాసేవాళ్ళ ఉత్తరాలు జాగ్రత్తగా చదివితే, ఆ విసుగు త్యాగయ్య మీద కాదనిపిస్తుంది మాకు. ఆయన కృతులు ఇవాళ మనకి దొరికేవి 700 దాకా ఉన్నాయి. ఒక్కోదానికి 8 నిమిషాలు వేసుకున్నా 93 గంటలు, అంటే రోజుకి 13 గంటల చొప్పున వారమంతా వేసినా ఒక్క పాట రెండోసారి రానక్కర్లేదు. కానీ మన చెవిన పడేవి మళ్ళీ మళ్ళీ అవే నలభై యాభై. భజనల్లో పాడుకునే దివ్యనామ కీర్తనలు, దేవుడి సేవల్లో పాడే ఉత్సవ సంప్రదాయ కీర్తనలు ఎంత తేలిగ్గా నోటికొస్తాయో! ‘సీతాకల్యాణ వైభోగమే’ మన పెళ్ళిళ్ళలో పాడని ఊరుందా? అది త్యాగయ్యదని తెలియకుండానే పాడేవాళ్ళు ఎంతమందో. ఆయన రాసిన పాటల నాటకం ‘ప్రహ్లాద భక్తి విజయం’ అయితే మన ప్రాంతం కోసమే దాచిపెట్టినట్టుంటుంది. గంజాంలో ప్రహ్లాద నాటకం చూస్తూ పెరిగిన మనవాళ్ళకి, రాత్రంతా కూర్చుని ఆ కథని పాటల్లో వినే అలవాటున్న మనవాళ్ళకి, దాన్ని రోజుకో భాగం చొప్పున వేస్తే ఎవరు కట్టేస్తారు?

ఒరియా పొరుగువాళ్ళని కూడా ఈ వారంలోకి పిలవాలన్నది మా కోరిక. త్యాగయ్య 1767 నుంచి 1847 దాకా ఉన్నాడు. ఆయన బతికున్న రోజుల్లోనే మన పర్లాకిమిడిలో గోపాలకృష్ణ పట్టనాయక్ కృష్ణుడి మీద పదాలు కడుతున్నాడు, గంజాంలో కవిసూర్య బలదేవ రథ్ అక్షరక్రమంలో ఒక్కో అక్షరానికీ ఒక్కో పాట చొప్పున చంపూ (వచనమూ పాటలూ కలిసిన కావ్యం) కడుతున్నాడు. కావేరి ఒడ్డున ఒకాయన రాముడికి తెలుగులో పాడుతుంటే ఇక్కడ మహేంద్రగిరి చుట్టుపక్కల ఒరియాలో కృష్ణుడికి పాడుతున్నారు. రోజుకొక అరగంట ఈ ముగ్గుర్నీ పక్కపక్కన వినిపిస్తే త్యాగయ్య వారం పలచబడిపోదు.

అభిప్రాయం సేకరించేవాళ్ళు మన దగ్గర తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది లిపి సంగతి. మన పిల్లల్లో చాలామంది చదువు ఒరియాలో. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, పాట వింటే మాట పట్టుకుంటారు, కానీ తెలుగు అక్షరం చేతికిస్తే అమ్మ వైపు చూస్తారు. తెలుగులో మాత్రమే అచ్చు వేసిన ప్రశ్నల కాగితం వాళ్ళకి అందదు, ఒరియాలో మాత్రమే వేస్తే తాతలకి అందదు. తెలుగు ప్రశ్నలే రెండు లిపుల్లో ఎదురెదురుగా వెయ్యాలి. దీనికి ఖర్చు ఎంతవుతుంది కనక!

అలాగే గంజాం నుంచి సూరత్ మగ్గాల మీదకి వెళ్ళిన మనవాళ్ళు షిఫ్టు దిగి గదిలో పడుకుని ఫోన్లో ఆకాశవాణి యాప్ పెట్టుకుంటారు. వాళ్ళూ మన శ్రోతలే. వాళ్ళ దగ్గరికి కాగితం వెళ్ళదు, ఒక ఫోన్ నంబరైనా రేడియోలో చెప్పాలి, రాత్రి పదకొండు తర్వాత కూడా మెసేజ్ పెట్టొచ్చని చెప్పాలి.

వచ్చే ఆరాధనకి ఇంకా టైముంది. ఈలోపు మా వంతుగా పై ప్రశ్నల్ని రెండు లిపుల్లో ఈ ఆదివారం మా పేపర్లోనే వేస్తున్నాం. కత్తిరించి పంపండి. పేరు రాయక్కర్లేదు, ఊరు రాస్తే చాలు. కట్టేసిన టైము మాత్రం మొహమాటం లేకుండా రాయండి, వచ్చినవన్నీ ఒక కట్టగా కట్టి స్టేషన్ వాళ్ళ చేతికి మేమే తీసుకెళ్ళి ఇస్తాం.