రోజుకో గ్లాసు రెడ్ వైన్‌తో రొమ్ము క్యాన్సర్ రాదా?

"రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ తాగే ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రాదు. అందులోని రెస్వెరట్రాల్ క్యాన్సర్ కణాలను చంపుతుందని ల్యాబ్‌లో రుజువైంది. అసలు ఆల్కహాలే క్రిములను చంపుతుంది, ఇక క్యాన్సర్ కణమెంత? ప్రమాదమంతా బీరు, విస్కీలతోనే." ఫోన్లలో తెగ తిరుగుతున్న మెసేజ్ సారాంశమిది. ఇందులో నిజం ఒక్క ముక్కే. ఆ ముక్కను చూసే జనం మిగతాదంతా నమ్మేస్తున్నారు.

ముందు ఆ నిజం సంగతి. రెస్వెరట్రాల్ అంటే ద్రాక్ష తొక్కలో ఉండే ఒక పదార్థం. గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాల మీద దాన్ని గట్టి మోతాదులో వాడితే వాటి ఎదుగుదల తగ్గుతుంది. కానీ లీటరు రెడ్ వైన్‌లో అది ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. అందులోనూ చాలావరకు పేగుల్లో, కాలేయంలో రూపు మారిపోతుంది. మారకుండా రక్తంలోకి చేరేది 1 శాతం లోపే. అదే 150 మి.లీ. గ్లాసులో ఆల్కహాల్ సుమారు 14 గ్రాములు. అది దాదాపు మొత్తం ఒంట్లోకి చేరుతుంది.

క్రిముల వాదన మరీ విడ్డూరం. శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతం పైనే. ఒక గ్లాసు తాగినవాళ్ల రక్తంలో ఉండేది 0.1 శాతంలో చిన్న వంతు. 60 శాతమే రక్తంలో ఉంటే క్యాన్సర్ కణం కంటే ముందు మనిషే పోతాడు.

మరి తక్కువ మోతాదులో కణాలు ఏం చేస్తాయి? మెసేజ్ రాసినవాళ్లకు అంత ఇష్టమైన ల్యాబ్‌లోనే చూద్దాం. ఎంసీఎఫ్-7 అనేవి ఈస్ట్రోజన్ గ్రాహకాలున్న, అంటే ఆ స్త్రీ హార్మోన్ సంకేతాన్ని అందుకుని పెరిగే, రొమ్ము క్యాన్సర్ కణాలు. వీటికి ఆల్కహాల్ తగిలిస్తే చావడం అటుంచి, ఆ గ్రాహకం పనితీరు పెరిగింది, కణాలు ఇంకా జోరుగా విభజన చెందాయి. గ్రాహకాలు లేని రకాల్లో ఈ జోరు కనిపించలేదు. హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్న కణాల్లోనైతే చోటు మారి కదిలే, చొచ్చుకుపోయే గుణం పెరిగింది. పైగా ఆల్కహాల్ విరిగి అసిటాల్డిహైడ్ అవుతుంది. అది డీఎన్ఏను దెబ్బతీస్తుంది.

గాజు పాత్రలో జరిగింది మనిషిలో జరగాలని లేదు కదా అంటారా? సరైన ప్రశ్నే, కాకపోతే రెస్వెరట్రాల్‌నూ అలాగే నిలదీయాలి. ఆల్కహాల్ విషయంలో మనుషుల మీదా చూశారు. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో నెలసరి ఆగిన మహిళలకు 8 వారాల పాటు రోజుకు 15 గ్రాములు, మరో 8 వారాలు 30 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చారు. రక్తంలో ఈస్ట్రోన్ సల్ఫేట్ అనే ఈస్ట్రోజన్ రూపం మొదటి మోతాదుకు 7.5 శాతం, రెండోదానికి 10.7 శాతం పెరిగింది.

బీరు, విస్కీలదే తప్పనడం కూడా నిలవదు. బ్రిటన్‌లో సుమారు 13 లక్షల మంది మహిళలను గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. వైన్ మాత్రమే తాగేవాళ్లలోనూ, ఇతర రకాలు తాగేవాళ్లలోనూ రొమ్ము క్యాన్సర్ ముప్పు ఒకేలా పెరిగింది.

అలాగని గ్లాసు ముట్టుకుంటే క్యాన్సర్ ఖాయమని భయపెట్టడమూ సరికాదు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ ఇచ్చిన లెక్కల ప్రకారం, వారానికి ఒక డ్రింక్ (సుమారు 14 గ్రాముల ఆల్కహాల్) కంటే తక్కువ తాగే 100 మంది మహిళల్లో జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చేది సుమారు 11 మందికి. రోజుకొకటి తాగేవాళ్లలో 13 మందికి, రెండు తాగేవాళ్లలో 15 మందికి.