పార్లమెంటు వద్దన్నదాన్ని పేటెంట్ ఆఫీసు ఎలా ఇస్తుంది?

2004 డిసెంబరులో కేంద్రం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పరిశ్రమలో సాంకేతిక వాడకం చూపిస్తే చాలు, లేదా హార్డ్‌వేర్‌తో జతచేసి చూపిస్తే చాలు, పేటెంట్ ఇచ్చేలా పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె)ను మార్చింది. ఉత్త ప్రోగ్రామ్‌కు పేటెంట్ లేదని చెప్పే సెక్షన్ అది. నాలుగు నెలలు తిరక్కుండానే పార్లమెంటు ఆ మార్పును పక్కన పడేసి, 2005 సవరణ చట్టంలో పాత సెక్షన్‌నే ఉంచింది. ఎంపీల ముందుకు విషయం వచ్చింది, వాళ్లు వద్దన్నారు. ఆ తర్వాత 20 ఏళ్లలో ఆ సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా దాన్ని చదివే పద్ధతి. దాన్ని మార్చుకుంటూ వచ్చింది మనం ఓటేసి గెలిపించినవాళ్లు కాదు, పేటెంట్ ఆఫీసు.

మార్చడానికి వాడిన ఆయుధం పేరు మార్గదర్శకాలు. కంప్యూటర్ సంబంధిత ఆవిష్కరణలను పరిశీలించేటప్పుడు ఎగ్జామినర్లు (దరఖాస్తులు తనిఖీ చేసే ఆఫీసు అధికారులు) ఏం చూడాలో చెప్పే పత్రం అది. 2015 ఆగస్టు 21న వచ్చినదాంట్లో ఏముందో చూడండి: హార్డ్‌వేర్ పాతదే అయినా, ప్రోగ్రామ్ కొత్తదై ఆ హార్డ్‌వేర్ పనితీరును మారిస్తే పేటెంట్‌కు అర్హత ఉన్నట్టే. ఇప్పుడు చెప్పండి, పాత కంప్యూటర్ పనితీరును ఏమాత్రం మార్చని మంచి ప్రోగ్రామ్ ఎక్కడైనా ఉంటుందా? ప్రోగ్రామ్ రాసేదే అందుకు కదా! పార్లమెంటు తలుపు మూస్తే ఆఫీసు కిటికీ తీసిందన్నమాట.

అప్పుడు జనం ఊరుకోలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా (మన హైదరాబాద్ 'స్వేచ్ఛ' అందులో భాగమే), స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే న్యాయవాదుల సంస్థ ఎస్‌ఎఫ్‌ఎల్‌సి, స్టార్టప్‌ల తరఫున ఐస్పిర్ట్ లాంటి సంస్థలు ప్రధాని కార్యాలయం దాకా వెళ్లి అభ్యంతరం చెప్పాయి. డిసెంబరు 14న ఆ మార్గదర్శకాలను నిలిపేశారు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన కొత్తవి ఉన్నంతలో చాలా నయం. అసలు కొత్తదనం ప్రోగ్రామ్‌లో మాత్రమే ఉంటే పేటెంట్ లేదు, కొత్త హార్డ్‌వేర్ కూడా ఉండాలి అని తేల్చి చెప్పాయి. ఒక వెయ్యి పేజీల పిటిషన్‌తో కోర్టులో ఏళ్ల తరబడి పోరాడితే వచ్చే ఫలితం ఆరు నెలల్లో వచ్చింది.

ఆ సంబరం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 2017 జూన్ 30న మళ్లీ కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, వాటిలో కొత్త హార్డ్‌వేర్ షరతు మాయమైంది. 2025 మార్చి 25న మరో ముసాయిదా వచ్చింది, అభిప్రాయాలకు మొదట ఇచ్చిన గడువు ఏప్రిల్ 15. తర్వాత ఇంకో ముసాయిదా వచ్చింది, జూలై 29కల్లా అంతా ఖరారైపోయింది. ఏఐ, బ్లాక్‌చెయిన్, క్వాంటమ్ అన్నీ అందులోకి వచ్చి చేరాయి.

నన్ను అన్నిటికంటే మండించేది ఈ ఏర్పాటులోని తెలివి. ఆ పత్రాల్లోనే ఒక మాట రాసి ఉంటుంది: ఇవి నియమాలు కావు, చట్టంతో పేచీ వస్తే చట్టమే చెల్లుతుంది అని. వినడానికి ఎంత వినయంగా ఉంది! కానీ దాని అసలు ఫలితం వేరు. నియమం అయితే సెక్షన్ 160 ప్రకారం పార్లమెంటు ముందు పెట్టాలి, ఎంపీలు దాన్ని మార్చొచ్చు, కొట్టేయొచ్చు. చట్టాలకూ నియమాలకూ ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లో కేంద్రమే విధానం పెట్టుకుంది. మార్గదర్శకానికి ఈ రెండు బాధలూ లేవు. ఎగ్జామినర్ బల్ల మీద మాత్రం అదే చట్టం. దరఖాస్తు వచ్చిన ప్రతిసారీ ఆయన పార్లమెంటు చర్చలు తిరగేయడు, మార్గదర్శకం తెరుస్తాడు. నియమానికి ఉండే బలమంతా ఉండి, నియమానికి ఉండే జవాబుదారీ ఏదీ లేని కాగితం ఇది.

అవతలి వాదన కూడా చెప్పాలి. ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే నిజమైన ఆవిష్కరణలను తోసిపుచ్చడం మా ఉద్దేశం కాదని అప్పట్లో సంయుక్త పార్లమెంటరీ కమిటీయే చెప్పింది, 2019లో ఢిల్లీ హైకోర్టు కూడా ఫెరిద్ అలానీ కేసులో సాంకేతిక ప్రభావం ఉంటే పరిశీలించాల్సిందే అంది. బాగుంది. అయితే ఆ గీత ఎక్కడ గీయాలన్నది అంత పెద్ద ప్రశ్న అయినప్పుడు, దాన్ని గీసే అధికారం ఒక్క ఆఫీసుకే ఎందుకు?

గీత ఎటు జరిగితే ఎవరికి నష్టమో మాదాపూర్‌లో ముగ్గురు నలుగురితో కంపెనీ నడిపే ఎవరినైనా అడగండి. కోడ్‌కు కాపీరైట్ ఎలాగూ ఉంది, దొంగిలిస్తే కేసు పెట్టొచ్చు. పేటెంట్ అలా కాదు. మీరు ఎవరి కోడూ చూడకుండా, రాత్రులు కూర్చుని సొంతంగా రాసుకున్నా సరే, అదే పద్ధతి మీద ఇంకెవరికో పేటెంట్ ఉంటే మీరు ఉల్లంఘించినట్టే. అదీ 20 ఏళ్లపాటు. పెద్ద కంపెనీకి నోటీసు వస్తే లీగల్ టీమ్ చూసుకుంటుంది. చిన్నోడికి వస్తే ఫీచర్ తీసేస్తాడు, లేదా షాపు మూసేస్తాడు.

సామాన్యులకు ఇవేం అర్థమవుతాయి అనేవాళ్లకు చెన్నై పేటెంట్ ఆఫీసునే గుర్తుచేయాలి, మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోనే ఉన్నాయి. నోవార్టిస్ కంపెనీ తన క్యాన్సర్ మందు గ్లివెక్ కోసం పెట్టిన పేటెంట్ దరఖాస్తును 2006 జనవరిలో ఆ ఆఫీసు తిరస్కరించింది. అభ్యంతరం పెట్టినవాళ్లలో క్యాన్సర్ రోగుల సంఘం ఉంది. 2013లో సుప్రీంకోర్టు కూడా పేటెంట్ ఇవ్వకపోవడమే సరైందని తేల్చింది. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చన్న సెక్షన్ 25 వల్లే రోగులు ఆ గదిలోకి అడుగుపెట్టగలిగారు. అలాంటి అభ్యంతరానికి కూడా 2024 మార్చి నుంచి ఫీజు పెట్టారు, అసలు వినాలా వద్దా అని కంట్రోలర్ (పేటెంట్‌పై నిర్ణయం తీసుకునే అధికారి) ముందే తేల్చే పద్ధతీ వచ్చింది. జనం రావడం ఎక్కువైందని తోచినప్పుడల్లా గుమ్మం ఎత్తు పెంచుతారు.

ఇది పేటెంట్లతో ఆగే జబ్బు కాదు. ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేముందు పర్యావరణంపై ప్రభావాన్ని ఎలా అంచనా వేయాలో చెప్పే 2020 ముసాయిదాను 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, లేకపోతే గనుల పక్కన బతికేవాళ్లు దాన్ని ఇంగ్లిష్‌లోనో హిందీలోనో చదువుకోవాలి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను ఎప్పుడూ పెట్టే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది, ప్రభుత్వం మారాకే మళ్లీ మొదలైంది. ఏ పార్టీ అన్నది కాదు ఇక్కడ సంగతి. కాగితం తయారయ్యేటప్పుడు జనం అడ్డు, తయారయ్యాక జనం పాటించాలి, ఈ అలవాటు ఢిల్లీలోనూ ఉంది, అమరావతిలోనూ ఉంది, హైదరాబాద్‌లో లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

పేటెంట్ల విషయంలో విరుగుడు అంత కష్టమేం కాదు. సెక్షన్ 160లో నియమాల పక్కన మార్గదర్శకాలను కూడా చేర్చాలి, వచ్చిన ప్రతి అభిప్రాయాన్నీ ఎందుకు తీసుకున్నారో ఎందుకు తోసేశారో కారణంతో సహా ప్రచురించాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది కూర్చుంటున్నారు, ఐటీ గురించి మైకు దొరికితే వదలనివాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. 2017లో కొత్త హార్డ్‌వేర్ షరతు ఎవరు అడిగితే తీసేశారని వాళ్లలో ఒక్కరైనా వాణిజ్య మంత్రిని సభలో అడగాలి.