వాన పడుతుంటే పచ్చజెండా ఏంటి?

పొద్దున్నే మా బావ ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. 2022 ఆగస్టులో అమెరికాలోని డేటోనా ట్రాక్ మీద జరిగిన నాస్కార్ కార్ల రేసు. ముందున్న కార్లన్నీ ఒక్కసారిగా జారి, ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. వెనకున్న ఆస్టిన్ డిల్లన్ సందు చూసుకుని బయటపడతాడు. కింద బావ "వీడికి లాటరీ తగిలింది" అని రాశాడు. అందరూ నవ్వే ఎమోజీలే. నాకు ఒళ్లు మండిపోయింది.

లాటరీ ఏంటి బావా? అక్కడ మనుషులు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. మన బండి టైర్లకు ఉండే గాట్లు వాళ్ల టైర్లకు ఉండవు, నున్నగా ఉంటాయి. పైగా డేటోనా మలుపులు 31 డిగ్రీల ఏటవాలు. నాలుగు చినుకులు పడితే చాలు, కారు ఎవరి మాటా వినదు. అసలు శనివారం రాత్రి జరగాల్సిన ఆ రేసు ఆదివారానికి మారిందే వాన వల్ల. మబ్బు కళ్ల ముందే ఉంది. 160 ల్యాపుల్లో (ల్యాపు అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) ఇంకా ఇరవై చిల్లర మిగిలి ఉండగా ఒకటో మలుపులో వాన అందుకుంది, జెండా మాత్రం ఇంకా పచ్చగానే ఉంది, అంటే రేసు పూర్తి వేగంతో నడుస్తూనే ఉంది! గుద్దుకున్నాక మూడు గంటలకు పైగా ఆపారు. ఆ ఆపేదేదో ఒక్క ల్యాపు ముందు ఆపితే ఏం పోయేది?

డిల్లన్‌ని నేనేమీ అనను. గెలిచాడు, టైటిల్ కోసం చివర్లో జరిగే ప్లేఆఫ్స్‌కి వెళ్లాడు. ఏడాదంతా నిలకడగా నడిపిన మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్ మాత్రం మూడు పాయింట్ల తేడాతో బయటే ఉండిపోయాడు.

2021 మేలో టెక్సాస్ కోటా ట్రాక్ మీద కూడా ఇదే గోల. అక్కడ వాన టైర్లు వేశారు, నిజమే. కానీ దారి కనబడాలి కదా! ముందు కార్లు లేపే నీటి తుంపరలో ఏమీ కనబడక కోల్ కస్టర్ నేరుగా ట్రూఎక్స్ కారు కిందికి దూసుకుపోయాడు. కెవిన్ హార్విక్ అంత అనుభవం ఉన్నవాడు ఆ రోజు ఎంత మండిపడ్డాడో చూసినవాళ్లకు తెలుసు. 68 ల్యాపుల రేసుని చివరికి 54 దగ్గర ముగించారు. అంటే ఆపడం చేతనవును, కానీ ముందు ఎవరో ఒకరు గుద్దుకోవాలి.

వీటన్నిటికంటే నా కడుపుమంట 2024 షార్లెట్ 600 మీద, అది 600 మైళ్ల నాస్కార్ రేసు. డ్రైవర్ కైల్ లార్సన్ అదే రోజు ఇండియానాపోలిస్‌లో ఇండీ 500 అనే ఇంకో పెద్ద కార్ల రేసు నడిపాడు. అక్కడా వాన వల్ల ఆలస్యమైంది. అది పూర్తిచేసి, అప్పటికే నడుస్తున్న షార్లెట్ రేసుకి ఆగమేఘాల మీద వచ్చి, హెల్మెట్‌తో సిద్ధంగా నిలబడ్డాడు. అప్పుడే వాన. పోనీ, ఆ తర్వాత వాన ఆగింది, ట్రాక్ ఆరబెట్టడం కూడా మొదలుపెట్టారు. తీరా చూస్తే గాలిలో తేమ ఎక్కువుంది, రాత్రి పొద్దుపోయింది అంటూ 400 ల్యాపుల్లో 249 దగ్గరే ఫలితం ప్రకటించేశారు. లార్సన్ ఒక్క ల్యాపు కూడా నడపలేదు. ప్రాణం మీదికి వచ్చేటప్పుడు ఆపరు, ఓపిక పడితే జరిగే రేసుని మాత్రం ఆపేస్తారు.

మర్నాడు మెమోరియల్ డే, దేశమంతా సెలవు. డేటోనా 500ని 2020లో, మళ్లీ 2024లో సోమవారానికి మార్చి నడిపారు కదా. షార్లెట్‌లో మిగిలిన 151 ల్యాపులు సోమవారం పెట్టడానికి ఏం అడ్డొచ్చింది?