మా వీధి మొగలోని ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి దివ్య సముఖానికి,

నెల్లూరు మినీ బైపాస్ నుంచి మా వీధిలోకి తిరిగేచోట, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకీ మధ్య కొలువైన తమరికి నమస్కారాలు. నేను కిలిమంజారో దిగి వచ్చేశాను. తమరు మాత్రం ఇంకా దిగలేదు.

ఈ పొద్దున పాల ప్యాకెట్టుకని బయటికొస్తే ఇడ్లీ బండి ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. స్కూలు యూనిఫాంలో ఉన్న వాళ్ల పిల్లోణ్ణి నా పక్కన నిలబెట్టి, తమరు కూడా వచ్చేలా ఫోన్ అడ్డంగా తిప్పి సెల్ఫీ తీశాడు. ఆ పిల్లోడు తలెత్తి, "అంకుల్, పైన ఎట్టుంటది?" అన్నాడు. నేను "చలిగా" అన్నాను. ఇంకేం చెప్పాలో తమరే సెలవియ్యండి. పైకి వెళ్లింది తమరు కదా!

తమరి మీది అక్షరాలు నాకు కంఠతా వచ్చేశాయి. "ప్రపంచంలోనే ఎత్తయిన కిలిమంజారో శిఖరాన్ని (5,895 మీ.) అధిరోహించిన మన నెల్లూరు సింహానికి హార్దిక శుభాభినందనలు." ఎత్తయినది ప్రపంచంలో కాదండీ, ఆఫ్రికాలో. సరే, అదొక ఖండం తేడా, పోనివ్వండి. కానీ "అధిరోహించిన" అని తమరు లోకానికి చాటే వేళకు ఆ సింహం చెన్నై ఎయిర్‌పోర్టులో బ్యాగు తూకం వేయించుకుంటోంది. విమానం కూడా ఎక్కలేదు.

ఇక తమరి అందం. నా ఆధార్ కార్డు మొహాన్ని తీసుకొచ్చి ఎవరో తెల్లాయన ఒంటికి అతికించారు. మెడ దగ్గర రంగు మారిపోయి, గోధుమ రంగు తలకాయ గులాబీ రంగు మెడ మీద కూర్చుంది. ఒంటికి ఎర్రటి డౌన్ సూటు, మూతి కింద వేలాడే ఆక్సిజన్ మాస్కు. కిలిమంజారోకి మామూలుగా ఎవరూ సిలిండరు తగిలించుకుని ఎక్కరు. వెనకాల ఉన్న కొండ కూడా ఎవరెస్టు. కింద "శుభాకాంక్షలు తెలుపువారు" అని వరసగా తలకాయలు. అందులో ఇద్దరెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 2022లో తమ జాతి మీద నిషేధమని ప్రకటన వచ్చినప్పుడు పాపం అనుకున్న మనిషిని నేను.

జరిగింది కూడా మనవి చేసుకుంటాను, తమరి మీద ఖాళీ ఉంటే ఏ మూలైనా వేయించుకోండి. 4,673 మీటర్ల దగ్గర ఉన్న బరాఫు క్యాంపులో అర్ధరాత్రి బయల్దేరాం. దారంతా రాళ్లపొడి. పైకి వేసిన అడుగులో సగం కిందికి జారిపోతుంది. సంచిలోంచి వచ్చే గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. తెల్లారేసరికి స్టెల్లా పాయింట్, అంటే అగ్నిపర్వత బిలం అంచు చేరాం. అక్కడ 5,756 మీటర్లు. గైడు నా కళ్లలోకి చూసి, ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ తిన్నగా నడవమన్నాడు. రెండడుగులు బానే పడ్డాయి. మూడోదానికి పక్కకి తూలాను. మళ్లీ నడవమన్నాడు. మళ్లీ తూలాను. అంత ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగమే. మెదడు వాచడం మొదలైతే ముందు పట్టుతప్పేవాటిలో నడక ఒకటి. దానికి అసలైన వైద్యం వెంటనే కిందికి దిగడం. ఆయన ఇంకో మాట మాట్లాడకుండా నా భుజం పట్టి వెనక్కి తిప్పాడు. శిఖరానికి ఇంకో గంట నడక. ముందు వెళ్లినవాళ్లు అంచు వెంబడి చీమల్లా కనపడుతూనే ఉన్నారు.

5,895లోంచి 5,756 తీసేస్తే 139. ఈ అంకె ఇప్పుడు మా బంధువులందరికీ నోటికొచ్చు. "139 మీటర్లా? మనింటి నుంచి రామాలయం దాకా గూడా లేదు గదరా, పాక్కుంటన్నా బోకూడదా?" అంది మా పెద్దత్త. ఆమె అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కిన మనిషి. మోకాళ్ల పర్వతం కూడా ఆగకుండా ఎక్కిందట, కాబట్టి ఆమె ముందు నోరెత్తడానికి లేదు. ఆఫీసులో ఒకాయనకి రీఫండ్ టెన్షన్: "పైదాకా బోకపోతే డబ్బులు వెనక్కియ్యరా?" జిమ్ కోచ్‌ది ఒకే మాట, ప్రొటీన్ తక్కువైందట.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను. కానీ నిన్న రాత్రి తమరిని వేయించిన మా బావమరిది వచ్చాడు. స్టెల్లా పాయింట్ బోర్డు దగ్గర గైడు తీసిన ఫొటో చూశాడు. "బావా, ఇదేం పెద్ద పని గాదు. కొండ కొసనుండే ఉహురు పీక్ అని బోర్డు మార్చేదానికి రెండు నిమిషాలు. కొత్త ఫ్లెక్సీ ఏయిస్తా" అన్నాడు. 2016లో ఎవరెస్టు ఫొటోలు మార్ఫింగ్ చేసిన జంటను నేపాల్ ప్రభుత్వం పదేళ్లపాటు కొండలెక్కకుండా నిషేధించింది. ఆ సంగతి చెబితే వాడు, "అది నేపాల్ బావా, ఇది నెల్లూరు" అన్నాడు.

అవును, ఇది నెల్లూరే. నీకా సంగతి గుర్తుందా? నీ కుడి మూల గుండ్రంలో ఎవరి ఫొటో ఉందో చూసుకున్నావా? మల్లి మస్తాన్‌బాబు. సంగం మండలం గాంధీ జనసంగం ఊరి మనిషి. 2006లో జనవరి 19 నుంచి జులై 10 లోపు, 172 రోజుల్లో, ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలూ ఎక్కాడు. అది కూడా వారంలో ఒక్కో రోజుకి ఒక్కోటి. కిలిమంజారోది బుధవారం. అంతటి మనిషి 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం పోగొట్టుకుని ఈ జిల్లాకి ఎట్టా తిరిగొచ్చాడో ఇక్కడ అందరం చూశాం. కొండ మీద మనిషికి ఏమవుతుందో తెలిసిన ఊరిది. ఈ ఊళ్లో నిలబడి నన్ను "పాక్కుంటన్నా" పొమ్మంటారా? ఆయన పక్కన నా బొమ్మ వేసుకోమని నీకెవడు చెప్పాడు? సిగ్గుండక్కర్లా?

నాకు బాధ లేదని కాదు. ఉదయగిరి దుర్గం ఎన్ని ఆదివారాలు ఎక్కి దిగానో నా మోకాళ్లకు తెలుసు. ఇప్పటికీ రాత్రిళ్లు పడుకుంటే ఆ మిగిలిన గంట నడక నడుస్తూనే ఉంటా, ఒక్కోసారి తూలకుండా. స్టెల్లా దాకా వెళ్లినందుకు అక్కడి నేషనల్ పార్కు వాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది, ఇంకా ఫ్రేము కట్టించలేదు. కట్టిస్తానో లేదో తర్వాత చూసుకుంటా. అది నాకూ ఆ కొండకూ మధ్య వ్యవహారం. మధ్యలో నువ్వెవరు?

రేపు నిచ్చెన తెస్తున్నా. ఎలక్షన్ దాకా ఉంచుదాం, మొహం అలవాటవుద్ది అని మా బావమరిది అంటున్నాడు. వాణ్ణి కూడా ఆ నిచ్చెన పట్టుకోవడానికే పిలిచా. ఇడ్లీ బండాయన పైన కప్పుకునేదానికి పట్టా కావాలని అడుగుతున్నాడు, ఆయనకిచ్చేస్తా. వాన పడేది ఆ గులాబీ రంగు మెడ మీదే గనక నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
నీ మీద ఉన్న తలకాయ సొంతదారు

తా.క.: నీ ఖర్చులో సగం నన్ను పెట్టుకోమంటున్నాడు మా వాడు. 5,756 మీటర్ల వరకు లెక్కగట్టి ఇస్తానని చెప్పా. మిగతా 139 మీటర్ల డబ్బులూ ఎక్కినవాళ్ల దగ్గర వసూలు చేసుకోమన్నా.