నిప్పులేని వంటకి నాలుగు మెసేజీలు, నామినేషన్‌కి ఒక్కటీ లేదు

ఇందాక భోజనాల వేళ మా పాప స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. "డియర్ పేరెంట్స్, రాబోయే నెల యాక్టివిటీస్" అని. చుట్టూ పువ్వుల బోర్డరు, పైన రెండు బెలూన్లు. అది చదివాక అన్నం సహించలేదు. ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. పొడవుగా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ఏమీ అనుకోను.

మొదటి శనివారం నిప్పులేని వంట పోటీ, తల్లీబిడ్డా కలిసి చెయ్యాలట. దీనికి ఇప్పటికే నాలుగు మెసేజీలు వచ్చాయి, ప్లేటు ఏ రంగులో ఉండాలో కూడా చెప్పారు. రెండో వారం ఎల్లో డే. ఏడో తరగతి పిల్లకి ఎల్లో డే ఏమిటని నన్నడక్కండి, అడిగితే స్కూలువాళ్లకీ తెలీదు. మూడో వారం "ఎడ్యుకేషనల్ ట్రిప్". విశాఖలో నీళ్లలో జారే పార్కుకి, తలకి పన్నెండు వందలు. ఆఖరి ఆదివారం ఫంక్షన్ హాల్లో "ఫౌండేషన్ ఓరియెంటేషన్", అంటే పోటీ పరీక్షల కోచింగ్ గురించి మీటింగు. దానికి భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలి. ఒక్కరే వస్తే చెక్కు మీద సంతకం ఎవరు పెడతారు మరి!

నేను గ్రూపులో ఒక్క ముక్క అడిగాను. "సర్, ఇన్‌స్పైర్ మానక్‌కి మన స్కూలు నుంచి పిల్లల ఐడియాలు పంపించారా?" అంతే. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "మేడమ్, మీ సెకండ్ టర్మ్ ఫీజు పెండింగ్ ఉంది. కైండ్లీ క్లియర్." అందరూ చూస్తుండగా. కింద ఎవరో మహానుభావుడు దండం బొమ్మ కూడా పెట్టాడు.

ఇన్‌స్పైర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్తాను, ఎందుకంటే మీ స్కూలువాళ్లూ చెప్పి ఉండరు. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నడిపే పథకం. ఆరో తరగతి నుంచి పిల్లలు రాయొచ్చు. చుట్టూ ఉన్న ఒక ఇబ్బంది చూసి, దానికి సొంతంగా ఒక ఉపాయం ఆలోచించి పంపాలి. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అని తేడా లేదు, గుర్తింపు ఉంటే చాలు. ఒక్కో బడి నుంచి ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్‌లో నామినేషన్ పంపొచ్చు, అదీ హెడ్‌మాస్టరే పంపాలి, మనం ఇంట్లో కూర్చుని పంపుకోలేం. ఎంపికైతే పిల్ల ఖాతాలోనే 10,000 రూపాయలు పడతాయి, నమూనా తయారు చేసుకోడానికి. తర్వాత జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, ఆ పైన జాతీయం. స్కూలుకి అయ్యే ఖర్చు సున్నా. ఖర్చు సున్నా అంటే వసూలూ సున్నాయే. అసలు రోగం అక్కడే ఉంది.

మా పాప నిజంగానే ఒకటి ఆలోచించింది. మా కన్నవారి వైపు ఒక పిన్ని పలాసలో జీడిపిక్కలు కొట్టడానికి వెళ్తుంది. వేసవి సెలవుల్లో ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు పాప ఆవిడ చేతులు చూసింది. పిక్క పెంకులో ఉండే నూనె తగిలి వేళ్ల చివర్లు నల్లబడిపోయి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. బూడిద పూసుకుని కొడతారు, అయినా ఆగదు. ఆ రాత్రి ఆవిడ అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంటే పాప కన్నార్పకుండా చూసింది. ఇంటికొచ్చి నా పాత జుట్టు క్లిప్పు విరగ్గొట్టి, అందులో స్ప్రింగు తీసి, రెండు వెదురు పుల్లలకి కట్టి, పిక్క పట్టుకునే పట్టకారు ఒకటి చేసింది. అది సరిగ్గా పట్టుకుందా అంటే సగం సార్లు పిక్క ఎగిరి సోఫా కింద పడేది. అయితే ఏం, దాన్ని బాగుచేసుకోడానికే కదా ఆ పదివేలు ఇచ్చేది!

జూలైలో సైన్స్ టీచరుకి చూపించింది. ఆవిడ "వెరీ గుడ్ అమ్మా, ముందు ఎఫ్ఏ మార్కులు చూసుకో" అంది. ఎఫ్ఏ అంటే బళ్లో పెట్టే చిన్న పరీక్షలు. సెప్టెంబరు దాటిపోయింది, గడువూ పోయింది. పట్టకారు అలమరలో పడుంది.

నేను చెప్పేదేమిటంటే, ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎవరికీ పట్టని తరగతులు. ఎల్‌కేజీ పిల్లలు ముద్దుగా ఉంటారు కాబట్టి వాళ్లచేత డాన్సులు వేయించి ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటారు. పదో తరగతివాళ్లు మార్కులు తెస్తారు కాబట్టి ఫ్లెక్సీలు కడతారు. మధ్యలో ఉన్న ఈ పిల్లల వల్ల ఎవరికీ లాభం లేదు, ఫీజు తప్ప. కానీ అవకాశాలన్నీ సరిగ్గా ఈ వయసులోనే వస్తాయి, వయసు దాటితే మళ్లీ కాళ్లు పట్టుకున్నా రావు. డెహ్రాడూన్ మిలిటరీ కాలేజీ, ఆర్ఐఎంసీ, ఉంది కదా, ఎనిమిదో తరగతిలో చేర్చుకుంటారు. పిల్ల వయసు పదకొండున్నరకీ పదమూడుకీ మధ్య ఉండాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్ష. ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. ఈ ముక్క మన గ్రూపుల్లో ఒక్కరన్నా చెప్పారా? ఎల్లో డేకి మాత్రం పసుపు రంగు రిబ్బన్ ఏ షాపులో దొరుకుతుందో లొకేషన్ పంపుతారు.

ఆటల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. కరణం మల్లీశ్వరిది ఎక్కడ? ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. పన్నెండేళ్లకే బరువులెత్తడం మొదలుపెట్టింది. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. మన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఒక పల్లెటూరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. అదీ మన నేల. ఇక మా స్కూల్లో పీఈటీ సారు ఏం చేస్తారో చెప్పనా? పొద్దున గేటు దగ్గర టైలు చూస్తారు, సాయంత్రం బస్సుల దగ్గర పిల్లల్ని లెక్కపెడతారు. మధ్యలో ఉన్న గేమ్స్ పీరియడ్‌ని లెక్కల సారు మింగేస్తారు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14 అని ఒక విభాగమే ఉంది, మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్రానికి వెళ్లొచ్చు. మా స్కూలు నుంచి ఎవరైనా వెళ్లారా అని అడిగితే "మా దగ్గర చెస్ బోర్డులు ఉన్నాయి మేడమ్" అన్నారు.

సంగీతం అంతే. మా ఊరు విజయనగరం. ఇక్కడ 1919లో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించడం కోసం మొదలైందని పెద్దవాళ్లు చెప్తారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల ఇక్కడ నేర్చుకున్నారు, సుశీల గారిదీ ఈ ఊరే. అలాంటి ఊళ్లో స్కూలువాళ్లు మ్యూజిక్ పీరియడ్ ఎత్తేసి దాని చోట "అబాకస్" పెట్టారు, విడిగా ఫీజుతో.

ట్రిప్పు గురించి చెప్పడం మర్చిపోయాను. నీళ్లలో జారడం ఏ సబ్జెక్టు కిందకొస్తుందో నాకు తెలియదు గానీ, పిల్లల్ని ఖద్దరు నేసే పొందూరు తీసుకెళ్లొచ్చు కదా. మా కన్నవారి ఊరు ఆ పక్కనే కాబట్టి చెప్తున్నాను. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. ఆ దవడ మీద సన్నటి పళ్లు ఉంటాయి, దువ్వెన లాగా. అరచేతిలో పట్టుకుని గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వుతుంటే పోచలన్నీ ఒకే వైపుకి సాపవుతాయి. ఈ కాలంలో చేప దవడతో పత్తి పని! ఏ పిల్లకి చూపించినా నోరు తెరుచుకుని నిలబడిపోతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దుని తొలిచి వీణలు చేస్తారు. టెక్కలి పక్కన తేలినీలాపురంలో పెలికాన్ పక్షులు దిగుతాయి, సరిగ్గా చలికాలంలోనే. అన్నీ ఒక్క రోజులో వెళ్లొచ్చేవే. వీటికి పన్నెండు వందలు వసూలు చెయ్యలేరు, అదే బాధ.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉంది. వాళ్ల గుంట, అదే కూతురు, మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిది. పైడితల్లమ్మ సిరిమాను పండగ వెళ్లిన వారంలో ఆ అమ్మాయి మా ఇంట్లో పనికి ఒక పూట సెలవు పెట్టింది. ఎందుకంటే కూతురి బడి సారు ఫోన్ చేసి "ఆదాయం సర్టిఫికెట్ తీసుకుని రామ్మా, ఎన్ఎంఎంఎస్ అప్లికేషన్ పెడదాం" అన్నారట. ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష అది. ఆయనే దగ్గర కూర్చుని నింపారు. సాయంత్రం బడయ్యాక ఒక గంట ఆగి మోడల్ పేపర్లు చేయిస్తున్నారు, పైసా తీసుకోకుండా. మెంటల్ ఎబిలిటీ 90 మార్కులు, సబ్జెక్టులు 90. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000. నాలుగేళ్లకి 48,000 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. "అమ్మగారూ, మీ పాప కూడా రాస్తుందా వచ్చే ఏడాది?" అని అడిగింది పాపం, గిన్నెలు తోముతూ. లేదమ్మా, మాది ప్రైవేటు, మాకు అర్హత లేదు. మేం డబ్బు కట్టి ఎల్లో డే చేసుకుంటాం. "అయ్యో" అంది. ఆ అయ్యో నా చెవుల్లో ఇంకా ఉంది. ప్రైవేటులో వెయ్యాలని పట్టుబట్టిన మా ఆయన ఈ పోస్టు చదవరు, క్రికెట్ చూస్తున్నారు.

సరే, స్కూళ్లని అని ఏం లాభం. ఇంట్లోవాళ్లే చెప్పనప్పుడు.

ఇప్పటికి రెండు కార్తీకాలైంది. అప్పుడు మా పాప ఐదో తరగతి, మా తోటికోడలి కొడుకూ ఐదే. రామతీర్థం దగ్గర తోటలో వనభోజనాలు. ఉసిరిచెట్టు కింద తోటికోడలు నా పక్కనే కూర్చుంది. నేను తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ, ఎంతో మామూలుగా అడిగింది. "అక్కా, నివాసం సర్టిఫికెట్ సచివాలయంలో ఎన్నాళ్లకిస్తారు?" ఎందుకమ్మా అన్నాను. "ఏదో బ్యాంకు పనిలే అక్కా" అంది. నేను వెర్రిదాన్ని కాబట్టి మా వార్డులో ఎవర్ని కలవాలో, ఏ కాగితాలు జిరాక్స్ తీసుకెళ్లాలో అన్నీ చెప్పాను. మా ఆయన బండి ఇచ్చి మరిదిని పంపించాను కూడా.

ఆ బ్యాంకు పని పేరు కోరుకొండ సైనిక్ స్కూలు.

పిల్లాడికి సీటు వచ్చాక, యూనిఫాంలో ఫోటో స్టేటస్ పెట్టాక, అప్పుడు తెలిసింది నాకు. విజయనగరంలో విశాఖ పాసింజరు ఎక్కితే తర్వాత వచ్చే స్టేషను కోరుకొండ. 1962 నుంచి అక్కడే ఉంది ఆ స్కూలు. ఆరో తరగతికి మార్చి 31 నాటికి పదీ పన్నెండేళ్ల మధ్య ఉండాలి, 300 మార్కుల పరీక్ష, అంతే. 2021 నుంచి ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. మా పాప లెక్కల్లో వాడికంటే ఎప్పుడూ ముందే. తోటికోడల్ని అడిగితే ఏమందో తెలుసా? "పాప సున్నితం కదక్కా, హాస్టల్లో ఉండలేదని చెప్పలేదు." నా కూతురు సున్నితమో కాదో నిర్ణయించడానికి నువ్వెవరమ్మా? జీడిపిక్కల పట్టకారు చేసిన పిల్ల సున్నితమా? ఆ రోజు అత్తగారు కూడా "పోనీలేవే, వాడైనా మనవాడే కదా" అన్నారు. మనవాడే, కాదనను. మరి ఇది మనది కాదా?

ఎనిమిదిలో ఉన్న పిల్లలున్నవాళ్లకి చెప్తున్నా, నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందరికీ చెప్తా. సైనిక్ స్కూల్లో తొమ్మిదో తరగతికి మళ్లీ ప్రవేశం ఉంది, పదమూడు నుంచి పదిహేనేళ్ల మధ్య వయసుకి, ఖాళీలను బట్టి. కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయలో కూడా తొమ్మిదికి మిగిలిన సీట్లకి పరీక్ష పెడతారు. విజయనగరం వాళ్లకి కిల్తంపాలెం నవోదయ, శ్రీకాకుళం వాళ్లకి వెన్నెలవలస నవోదయ. సైనిక్ స్కూల్ అప్లికేషన్లు ఈ మధ్య ఏళ్లలో అక్టోబరు నుంచి జనవరి లోపు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తున్నారు, కాబట్టి ఇప్పట్నుంచే ఆ పరీక్ష పెట్టే సంస్థ ఎన్టీఏ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. నివాసం, కులం, పుట్టినతేదీ కాగితాలు ముందే తీసి ఫైల్లో పెట్టుకోండి. ఎవరైనా ఎందుకని అడిగితే బ్యాంకు పని అని చెప్పకండి.

నా పోస్టులన్నీ లైకు కొట్టకుండా చదివే తోటికోడలికి ఒక మాట. చదువుతున్నావని తెలుసు. వచ్చే ఏడాది మా పాప తొమ్మిదో తరగతి పరీక్ష రాస్తోంది, నీకు ఇప్పుడే చెప్తున్నా, దాపరికం లేదు. ఈసారి వనభోజనాలకి మాత్రం పులిహోర నువ్వే కలుపుకుని రా.