ఇంజిన్ ఆగినా బ్రేకు మీ కాలి కిందే ఉంటుంది

మా బాబాయి ఈమధ్య ఒక మెసేజ్ పంపారు. "నడుస్తున్న కారు ఇంజిన్ సడన్‌గా ఆగిపోతే..." అని మొదలై, "అందరికీ పంపండి, ప్రాణాలు కాపాడండి" అని ముగుస్తుంది. మిగతా బంధువుల నుంచి కూడా అదే నాకు మూడుసార్లు వచ్చింది. అందులో చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఇంజిన్ ఆగగానే బ్రేకులు పోతాయి, అందుకని పెడల్‌ను గబగబా పదిసార్లు తొక్కాలి. స్టీరింగ్ లాక్ అయిపోతుంది. వెంటనే తాళం తీసేసి హ్యాండ్ బ్రేక్ లాగాలి, ఆటోమేటిక్ కారైతే గేరును "పీ" (పార్కింగ్)లో వేయాలి. కారణం బ్యాటరీ అయినా అయ్యుంటుంది, ఎండకు పెట్రోలు ఆవిరైనా అయ్యుంటుంది. మళ్లీ స్టార్ట్ అయిందంటే భయం లేదు. చివరగా, బ్యాటరీ వైరు ఐదు నిమిషాలు ఊడదీసి పెడితే కంప్యూటర్ సరైపోతుంది.

పంపినవాళ్లందరూ మన మేలు కోరే పంపారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఇందులోని సలహాలను రోడ్డు మీద పాటిస్తే, ఆగిపోయిన కారు అదుపు తప్పిన కారవుతుంది. అందుకే ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

ముందు బ్రేకుల సంగతి. మీరు పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా నేరుగా చక్రాల దగ్గరికి వెళ్తుంది. ఈ దారిలో ఇంజిన్‌కు పని లేదు. ఇంజిన్ సాయం ఉండేది బూస్టర్ వరకే. పెడల్‌కూ బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌కూ మధ్య ఉండే గుండ్రటి డబ్బా అది. చాలా పెట్రోలు కార్లలో ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే వాక్యూమ్‌తో అది పనిచేస్తుంది. డీజిల్ కార్లలో, కొన్ని కొత్త పెట్రోలు కార్లలో వాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది. మన కాలి బలాన్ని కొన్ని రెట్లు పెంచడమే దాని పని. ఇంజిన్ ఆగిపోయినా ఆ డబ్బాలోని వాక్యూమ్ వెంటనే పోదు. వెనక్కి పోకుండా ఒక వాల్వ్ పట్టి ఉంచుతుంది. ఒకసారి గట్టిగా, నిలకడగా బ్రేకు వేయడానికి అది సరిపోతుంది. చాలా కార్లలో రెండు మూడు సార్లకు కూడా వస్తుంది.

ఇప్పుడు మెసేజ్ సలహా చూడండి. పెడల్ తొక్కి వదిలిన ప్రతిసారీ ఆ నిల్వలోంచి కొంత ఖర్చవుతుంది. పదిసార్లు తొక్కితే మొత్తం అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. నిజానికి అప్పుడు కూడా బ్రేకు పనిచేస్తుంది, కానీ రెండు కాళ్ల బలం పెట్టాల్సి వస్తుంది. గట్టిపడిన పెడల్‌ను చూసి బ్రేకులు పోయాయనుకుని కాలు తీసేస్తే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇది నా మాట మీద నమ్మనక్కర్లేదు. చదునైన చోట కారు నిలిపి, ఇంజిన్ ఆపి, బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి చూడండి. మొదటిది మెత్తగా ఉంటుంది, మూడో నాలుగో సారికి గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. బూస్టర్ చేసే సాయం ఎంతో మీ కాలికే తెలుస్తుంది. డ్రైవింగ్ నేర్పేవాళ్లు మొదటి రోజే ఈ పని చేయించాలని నా కోరిక. ఒక్కసారి తెలిసిన కాలు రోడ్డు మీద కంగారు పడదు.

రెండోది స్టీరింగ్. అది బరువెక్కుతుంది, అంతే. లాక్ అవడం వేరు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో ఇంజిన్ ఆగిన వెంటనే బరువు తెలుస్తుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న చాలా కార్లలో తాళం ఆన్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ కొంత ఆదుకుంటుంది. కారు కదులుతున్నప్పుడు తిప్పడం సులువు, వేగం తగ్గేకొద్దీ కష్టం. కాబట్టి పక్కకు తీయాలనుకుంటే వేగం ఉండగానే మొదలుపెట్టాలి. అసలు లాక్ అనేది దొంగతనం జరగకుండా పెట్టిన ఒక ఇనుప పిన్ను. తాళంచెవి ఉన్న చాలా కార్లలో దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితేనే అది పడుతుంది.

అంటే రెండో పాయింట్‌లో భయపెట్టిన లాక్‌ను మూడో పాయింట్‌లోని సలహా చేజేతులా తెచ్చిపెడుతోంది! ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "తాళం తీసేయండి" అన్నదే. కారు కదులుతుండగా తాళం తీయకండి. ఆన్‌లోనే ఉండనివ్వండి. తాళం ఆన్‌లో ఉంటేనే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు, ఎయిర్‌బ్యాగులకు కరెంటు అందుతుంది.

దీనికి చాలా చేదు ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ లాంటి దాదాపు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్ బిగువు తక్కువగా ఉండటంతో, బరువైన తాళాల గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా, రోడ్డు కుదుపుకు కూడా తాళం ఆన్ నుంచి జారిపోయేది. నడుస్తుండగానే ఇంజిన్ ఆగేది, దాంతోపాటు ఎయిర్‌బ్యాగులూ పనిచేయకుండా పోయేవి. తర్వాత ఏర్పాటైన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపం కిందకే లెక్కించింది. కంపెనీలోని వాళ్లు ఏళ్ల తరబడి దీన్ని వినియోగదారుల సౌకర్యానికి సంబంధించిన విషయంగానే చూశారు. ఇంజిన్ ఆగినా బ్రేకు, స్టీరింగ్ చేతిలో ఉంటాయి కదా అనుకున్నారు. ఆ మాట నిజమే, కానీ తాళం జారితే ఎయిర్‌బ్యాగు ఏమవుతుందో చూడలేదు. బ్రేకులు ఉంటాయని నేను ఇంత గట్టిగా చెబుతున్నా, ఇంజిన్ ఆగడం చిన్న విషయమని మాత్రం అనను. మీ తాళంచెవికి గుత్తెడు తాళాలు తగిలించి ఉంటే ఈరోజే తీసేయండి.

హ్యాండ్ బ్రేక్ చాలా కార్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వేగంలో ఒక్కసారిగా లాగితే కారు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. ఇక "పీ" అనేది గేరుబాక్సులో ఒక చిన్న ఇనుప పన్ను. నిలబడిన కారును కదలకుండా ఉంచడానికే దాన్ని పెట్టారు, పరుగెత్తే కారును ఆపడానికి కాదు. చేయాల్సింది న్యూట్రల్. ఆటోమేటిక్ అయితే "ఎన్", మామూలు గేర్ల కారైతే క్లచ్ తొక్కి న్యూట్రల్. నాలుగు ఇండికేటర్లూ వేసి, అద్దంలో వెనక చూసుకుని, కారును రోడ్డు అంచుకు మళ్లించి, కాలు తీయకుండా ఒకే బ్రేకుతో ఆపాలి. న్యూట్రల్‌లో ఉంటే కదులుతుండగానే మళ్లీ స్టార్ట్ చేసి చూడొచ్చు.

కారణాల విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. నా పాత కారు వేసవిలో మూడుసార్లు నడిరోడ్డు మీద ఆగింది. ఒక వర్క్‌షాపులో బ్యాటరీ మార్చారు, మళ్లీ ఆగింది. పెట్రోలులో తేడా ఉందని ట్యాంకు కడిగారు, అయినా ఆగింది. వెనక సీట్లో పిల్లలు, వెనకాల లారీ. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మూడోసారి ఆగినప్పుడు ఒకటి గమనించాను. ముప్పావుగంట నడిచాకే ఆగుతోంది, ఇంకా కారు కదులుతూ, గేరులోనే ఉన్నా ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతోంది, అరగంట చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతోంది. ఇదంతా కాగితం మీద రాసి ఇంకో మెకానిక్‌కు ఇచ్చాను. ఆయన స్కానర్ పెట్టి చూస్తే పీ0335 అనే లోపం కోడ్ వచ్చింది. క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుతోందో లేదో కనిపెట్టేది! వేడెక్కినప్పుడు దాని సిగ్నల్ తెగిపోతోంది. ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు తెలియక పెట్రోలు, స్పార్క్ రెండూ ఆపేస్తోంది.

ఎండలో ఆగింది కాబట్టి పెట్రోలు ఆవిరైందనడం కార్బురేటర్ల కాలపు మాట. అప్పట్లో పంపు ఇంజిన్ పక్కనే ఉండి ట్యాంకు నుంచి పెట్రోలును లాక్కునేది, వేడికి పైపులో ఆవిరి చేరేది. ఇప్పుడు పంపు ట్యాంకులోనే ఉండి, చాలా కార్లలో 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో ముందుకు తోస్తుంది. అంత ఒత్తిడిలో పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. బ్యాటరీ సంగతీ అంతే. స్టార్ట్ అయ్యాక కారుకు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. అది చెడితే ఎర్రటి బ్యాటరీ లైటు వెలుగుతుంది, కారు కొంతసేపు బ్యాటరీ మీద నడిచి, లైట్లు మసకబారి, తర్వాత ఆగుతుంది. అక్కడ కొత్త బ్యాటరీ వేసినా అదీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ టెర్మినల్ వదులైతే మాత్రం అన్నీ ఒక్కసారిగా ఆరిపోవచ్చు.

ఆగే తీరును బట్టి చాలా తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగితే ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి, గాలి లీకు, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) చూడాలి. ఎత్తు ఎక్కుతుంటే జెర్కులు ఇచ్చి ఆగితే ఫ్యూయల్ ఫిల్టరో పంపో. అన్నట్టు, స్టాప్ స్టార్ట్ సదుపాయం ఉన్న కారు సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగడం లోపం కాదు.

"మళ్లీ స్టార్ట్ అయిందంటే భయం లేదు" అన్నదానికి నా కారే జవాబు, మూడుసార్లూ స్టార్ట్ అయింది. నీళ్లలో ఆగిన కారునైతే అసలు స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లోకి నీళ్లు చేరితే, అవి గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలాగే ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్ట్ తెగితే స్టార్టర్ మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరిగే శబ్దం వస్తుంది. అది వినగానే స్టార్ట్ చేసే ప్రయత్నం ఆపేయాలి.

చివరిది, బ్యాటరీ వైరు ఊడదీయడం. దానివల్ల సెన్సర్ బాగుపడదు, చాలా కార్లలో కోడ్లు చెరిగిపోతాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2001 నుంచి పెట్రోలు కార్లకు ఓబీడీ, అంటే లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా నమోదు చేసే ఏర్పాటు, తప్పనిసరి. కోడ్ నమోదైనప్పుడు వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్నది కూడా అది దాచిపెడుతుంది. కొన్ని లోపాలు రెండోసారి కనిపిస్తేనే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, అయినా మొదటిసారి జాడ లోపల ఉంటుంది. ముందు స్కానర్ పెట్టి, వచ్చింది రాసుకున్నాకే బ్యాటరీ ముట్టుకోమని మెకానిక్‌కు చెప్పండి.